నేను సస్పెన్షన్‌లో ఉన్న శనివారం

మయూర్ విహార్‌లోని మా ఇంటి నుంచి గ్రేటర్ నోయిడా అవతల కూలీల బస్తీ వరకు పంతొమ్మిది స్పీడ్ బ్రేకర్లు ఉన్నాయి. ఇవి లెక్కపెట్టడానికి నేను రోడ్డు చూడనక్కర్లేదు. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా నా పక్క సీట్లోంచి ఒక "యేసయ్యా" వినిపిస్తుంది. వెళ్లేటప్పుడు పంతొమ్మిది, వచ్చేటప్పుడు పంతొమ్మిది. ఆ పిలిచేది మా ఆవిడ.

మా ఆవిడ నోయిడాలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. ప్రతి నెలా రెండో శనివారం మా తెలుగు క్రైస్తవ సంఘం తరఫున ఆ బస్తీలో ఉచితంగా బీపీ, షుగర్ పరీక్షలు చేస్తుంది. అపార్ట్‌మెంట్లు కట్టే కూలీలు అక్కడ రేకుల షెడ్లలో ఉంటారు. మేం వెళ్లేసరికే ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వరసగా కూర్చుని, "దీదీ ఆ గయీ" అని, అక్క వచ్చిందని లేస్తారు. వారమంతా డ్యూటీ చేసి సోలిపోయి ఇంటికొచ్చే మనిషి, ఆ ఎండలో ఐదు గంటలు నిలబడి ముఖం వెలిగిపోతూ వస్తుంది. ఆ వెలుగు నాకు చాలా ఇష్టం. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతుందని.

ఈ వ్యవహారంలో నా పాత్ర డ్రైవరు. మిగతా రోజుల్లో నేనొక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసర్ని. మంచాలు, బల్లలు, నీళ్ల క్యాన్లు మోయడానికి పన్నెండేళ్ల పాత పికప్ ట్రక్కు ఒకటి కొన్నాం. అంతకుముందు అది ఒక టెంట్ హౌస్ ఆయన దగ్గర పెళ్లికుర్చీలు మోసింది. డీజిల్ బళ్లని పదేళ్లకే ఆపేస్తారు, ఇది సీఎన్‌జీది కాబట్టి ఢిల్లీలో ఇంకా తిరగనిస్తున్నారు. తిరగడం వరకే. అందులో కూర్చున్నవాళ్ల సంగతి ఏ రూలూ పట్టించుకోదు.

నెల మొదట్లో ఒక రోజు, మా ఆవిడ నడుముకి బెల్టు బిగించుకుంటూ తాపీగా అంది. "ఈ నెలకి వెళ్లొస్తానండీ. ఆ తర్వాత ఇంకెవరికైనా అప్పగించేద్దాం. నావల్ల కాదు."

ఆమె అరిస్తే నాకు భయం లేదు, ఇద్దరం కలిసి అరుచుకుంటాం. తగ్గు గొంతుతో చెప్పిందంటే మాత్రం ఆ నిర్ణయం అయిపోయినట్టే. కుదుపులు తగలకూడదని ఆమె ఆసుపత్రి డాక్టరే అంతకుముందు నెలలో చెప్పాడు. క్యాబ్‌లో వెళ్లమని నేను ఒకసారి పంపి చూశాను. ఆ మట్టిదారిలోకి రానని క్యాబ్ అతను మెయిన్ రోడ్డు మీదే దింపేశాడు. ఆమె బ్యాగులు మోసుకుంటూ నడిచింది. మర్నాడు మంచం దిగలేదు.

రెండో శనివారాలు లేని మా ఆవిడ ఎలా ఉంటుందో నాకు ఊహకి అందలేదు. పైగా ఆమె నడుము నొప్పిలో నా తప్పు ఉందేమోనని ఒక అనుమానం లోపల దొలుస్తోంది. అదేమిటో తర్వాత చెబుతాను.

బండిని వర్క్‌షాపుకి తీసుకెళితే, వాళ్లు కిందకి ఒంగి చూసి "పదిహేను రోజులయ్యాక రండి" అన్నారు. క్యాంపు పదకొండు రోజుల్లో ఉంది. నేను అక్కడే చిందులు తొక్కి, "అఖ్ఖర్లేదు, నేనే మార్చుకుంటా" అని వచ్చేశాను. ఫైలు మీద నోట్ రాయడం తప్ప చేతుల్తో ఏ పనీ చేయని వాడికి కోపం వస్తే ఇలాంటి ప్రతిజ్ఞలే చేస్తాడు. ఇంటికొచ్చేసరికి కోపం దిగింది, ప్రతిజ్ఞ మిగిలింది.

ఆదుకున్నది మా పై అంతస్తు అంకుల్‌జీ. హర్యానా ఆయన. సిటీ బస్సుల డిపోలో జీవితమంతా మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మా ఆవిడ వారానికోసారి ఆయన బీపీ చూస్తుంది కాబట్టి ఆమె ఆయనకి "సిస్టర్‌జీ". నేను "సిస్టర్‌జీ కే సాబ్", అంటే సిస్టర్‌జీ వాళ్లాయన. ఇన్నేళ్లలో నా పేరు ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టార్చి వేసి చూసి, "పట్టా గయా, సాబ్" అన్నారు.

నాకు పట్టా అంటే భూమి పట్టా. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమస్తా. ఎవరి పట్టా పోయిందో పాపమనుకుని, "కహా కీ జమీన్ హై, అంకుల్‌జీ?" అని, ఆ భూమి ఎక్కడిదని సానుభూతిగా అడిగాను. ఆయన నా వంక ఒక నిమిషం చూసి, టార్చి వెలుగు కమాను కట్ట మీద పెట్టారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు తిరిగిన ఇనప పట్టీలు. ఒక్కో పట్టీని ఇక్కడ పట్టా అంటారట. మా వైపు లారీలవాళ్లు కమాను కట్టలు అంటారని నాకు తెలుసు, పట్టాలుంటాయని తెలియదు.

కశ్మీరీ గేట్‌లో కొత్త కమాను కట్టలు, కుదుపుని మింగే షాకర్లు, కట్టల చివర్ల తొడిగే రబ్బరు బుష్‌లు, బోల్టులు ఆర్డర్ ఇస్తే గురువారానికి ఇంటికి తెచ్చిచ్చారు. శుక్రవారం సెలవు పెట్టాను. ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, వెనక జాకీతో లేపి, ఛాసిస్ కింద ఇనప స్టాండ్లు నిలబెట్టాం. "పెట్టాం" అన్నది గౌరవ బహువచనం. అంకుల్‌జీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వేలు చూపిస్తే, నేను పెట్టాను. బోల్టులు తుప్పు పట్టి ఒకదానికొకటి వియ్యంకుల్లా అతుక్కుపోయాయి. డీజిల్ పోసి నానబెట్టి, స్పానర్‌కి ఇనప గొట్టం తగిలించి, దాని మీద నా మొత్తం బరువు వేసి వేలాడితే ఒక్కోటీ కిర్రుమంటూ కదిలింది. పాత బుష్‌లు చేతిలో పొడి అయ్యాయి. షాకర్ నొక్కితే లోపలికి వెళ్లి అక్కడే ఉండిపోయింది, బయటికి వచ్చే ఉద్దేశమే లేదు.

అన్నీ విప్పి వరసగా నేల మీద పరిచాక, అంకుల్‌జీ ఒక పట్టాని కాలి వేలితో తోశారు. "యే కిస్నే చఢాయా?"

అది మిగతా వాటికన్నా మందంగా ఉంది. ఏదో పెద్ద లారీది. ఇలాంటిది ఎక్కిస్తే, ఖాళీ బండి గాడిదలా తంతుందని ఆయన తల కొట్టుకున్నారు. ఎవరు ఎక్కించారో నాకు బాగా తెలుసు. రెండేళ్ల కిందట, నీళ్ల క్యాన్లు ఎక్కువయ్యాయి కదా, బండి వెనక కుంగుతోంది కదా అని, రోడ్డు పక్క మెకానిక్కి చెప్పి ఎక్కించింది నేనే. "స్ట్రాంగ్‌గా ఉండాలి" అని కూడా చెప్పాను. మా ఆవిడ "యేసయ్యా"లు మొదలైంది ఆ తర్వాతే. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ పట్టాని తీసుకెళ్లి కరివేపాకు కుండీ వెనక దాచేశాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చింది. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదువుతోంది. పుట్టింది, పెరిగింది ఢిల్లీలో. తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. సంఘంలో ఆంటీలు దాన్ని దెప్పిపొడుస్తుంటారు. వాళ్లమ్మ ఆ రోజు వంటింట్లోంచే కేకేసింది. "డాడీ బండి పని చేస్తున్నారని, నా నడుము కోసం ప్రార్థన చేయమని ప్రేయర్ గ్రూపులో పెట్టవే. తెలుగులో పెట్టు, ఈసారైనా మన పరువు దక్కించు."

"ఠీక్ హై మమ్మీ" అంది మా అమ్మాయి. బుద్ధిగా పెట్టింది కూడా. పాత బుష్‌ల పొడి కళ్లలో పడి నేను ఫోన్ ముట్టుకోలేదు. మా ఆవిడ తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లిపోయింది.

శనివారం పదిగంటలకి నేను బండి కింద పడుకుని ఉన్నాను. కొత్త కట్టలు బిగించడం పూర్తయి, చక్రాలు ఎక్కించి, బండిని నేల మీదకి దింపేశాం. చివరి బిగింపులు మిగిలాయి. ఎక్కడ ఏ బోల్టు ఉందో చూసుకుంటూ ఉండగా, నా తల దగ్గరికి చెప్పులు వచ్చాయి. ఒక జత, రెండు జతలు, మొత్తం ఏడు. వాటిలో నల్ల బూట్లు పాస్టరుగారివని గుర్తుపట్టాను.

"బ్రదర్, బయటికి రండి" అన్నారు పాస్టరుగారు మెత్తగా. "మా దగ్గర దాక్కోవాల్సిన అవసరం లేదు."

"దాక్కోవడమేంటండీ, పని ఉంది."

"మేమంతా మీ వెనకే ఉన్నాం బ్రదర్."

"వెనకొద్దండీ, కాస్త పక్కకి జరగండి. స్పానర్ మీ కాలి కిందుంది."

పాకుతూ బయటికి వచ్చాను. ఒంటినిండా గ్రీజు. అంతా మా సంఘం వాళ్లే. పాస్టరుగారు, ఇంకో శాఖలో పెద్ద హోదాలో రిటైరైన పెద్దాయన, పులిహోర డబ్బాతో ఆయన భార్య, మా ఆవిడతో పనిచేసే నర్సులు ఇద్దరు, వాళ్ల భర్తలు. అందరి ముఖాల్లోనూ చావుకొచ్చిన వాళ్ల వాలకం. నన్ను పైనుంచి కిందికి చూసి ఒక నర్సు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో అన్నయ్యగారూ, అప్పుడే ఈ పనిలోకి దిగిపోయారా!"

"ఇంకెప్పుడు దిగుతానమ్మా, వచ్చే శనివారం క్యాంపు కదా" అన్నాను.

పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, గ్రీజు అంటుకుని తీసేశారు. ఆయనది నలభై ఏళ్ల సర్వీసు. వెంటనే విషయంలోకి దిగారు. "ఆర్డరు చేతికిచ్చారా, ఇంటికి పంపారా?"

"ఇంటికే తెచ్చిచ్చారండీ, గురువారం."

"కారణం ఏమని?"

"అరిగిపోవడమేనండీ. పన్నెండేళ్లయింది కదా."

"పన్నెండేళ్ల కిందటిది తవ్వారా!" ఆయన నిట్టూర్చారు. "అసలు గొడవ ఎక్కడొచ్చింది?"

నా అనుమానం నిజమై రాత్రంతా నిద్ర పట్టలేదు కదా, ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది. "మధ్యలో ఒకటి అనవసరంగా ఎక్కించేశారండీ. దాంతోనే మొత్తం చెడింది. ఎక్కించింది ఎవరో కాదు, నేనే. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు."

పులిహోర డబ్బా ఆవిడ "దేవా!" అని కళ్లు తుడుచుకుంది. పాస్టరుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు, గ్రీజైనా సరే. "ఒప్పుకున్నారు బ్రదర్. అదే పెద్ద విషయం. ఒప్పుకున్నవాణ్ణి ఆయన విడిచిపెట్టడు."

అక్కడిదాకా నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక ఇనప పట్టీ గురించి ఇంత ప్రేమ చూపించే సంఘం ఎవరికి ఉంటుంది! కానీ పెద్దాయన గొంతు తగ్గించి, "సగం జీతం వస్తుంది, భయపడకండి. ఛార్జిషీటు వచ్చాక నాకు చూపించండి, జవాబు నేను రాసిపెడతా" అనేసరికి నాకు ఎక్కడో తేడా కొట్టింది.

"ఎవరికండీ ఛార్జిషీటు?"

ఒక నర్సు ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో మా అమ్మాయి తెలుగు. "అందరికీ వందనాలు. మా డాడీ సస్పెన్షన్‌లో ఉన్నారు. ఇంట్లోనే ఉన్నారు. పాతవన్నీ బయటికి వస్తున్నాయి. మమ్మీ నడుము విరిగింది. ప్లీజ్ ప్రేయర్ చేయండి." కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

ఢిల్లీ తెలుగువాళ్లలో సగం మంది సర్కారు కొలువులోనే ఉంటారు. ఆ మాటకి మా మధ్య ఇంకో అర్థం లేదు. బండికి కుదుపులు ఆపే కట్టల్ని కూడా సస్పెన్షన్ అంటారని ఎవరికి తడుతుంది? నేను సిమెంటు గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. దుఃఖంతో మతి తప్పిందనుకుని పులిహోర ఆవిడ మంచినీళ్ల కోసం పరిగెత్తింది. నేను వేలెత్తి కమాను కట్ట చూపించాను. ఒక్కొక్కరికీ ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. అందరికన్నా ఆఖరున ఎక్కింది పెద్దాయనకి. ఆయన కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించారు. ఛార్జిషీటుకి జవాబు మనసులో సగం రాసేసుకున్నారేమో.

ఈ గోలకి మా అమ్మాయి కళ్లు నులుముకుంటూ బయటికొచ్చింది. విషయం విని ముఖం ఎర్రబడింది. "మైనే సహీ తో లిఖా థా! లో అంటే అందర్ కదా? డాడీ ఉస్‌కే అందర్ హీ తో థే!"

తను సరిగ్గానే రాసిందట, 'లో' అంటే లోపల అనేగా. నిజమే, నేను దాని లోపలే ఉన్నాను. "తెలుగు తప్పులేదమ్మా" అన్నారు పాస్టరుగారు నవ్వాపుకుంటూ. "మీ నాన్నగారు ప్రభుత్వోద్యోగి అవడం తప్పు."

ఇదంతా కుర్చీలోంచి చూస్తున్న అంకుల్‌జీకి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయనకి కావలసింది వేరే. ఏడుగురు పెద్ద మనుషులు ఖాళీగా నిలబడి ఉన్నారు. "సాబ్, బోజ్ పే కస్‌నా హై" అన్నారు చేతులు రుద్దుకుంటూ. అంటే బుష్‌ల బోల్టులు చివరిసారి బిగించేది బండి మీద బరువున్నప్పుడే. ఖాళీగా ఉన్నప్పుడు బిగిస్తే, బరువు పడగానే లోపలి రబ్బరు మెలితిరిగి చిరిగిపోతుంది. నీళ్ల క్యాన్లు ఎక్కిద్దామని అనుకున్నాం. ఇప్పుడు అంతకన్నా మంచి బరువు దానంతట అదే నడిచి వచ్చింది.

ముందు పాస్టరుగారు ఎక్కారు. తర్వాత నర్సులు, వాళ్ల భర్తలు. పెద్దాయనకి కుర్చీ వేసి ఎక్కించాం. ఆయన భార్య పులిహోర డబ్బా వదలకుండానే ఎక్కింది. నేను పక్కనుంచి చెయ్యి దూర్చి, అంకుల్‌జీ చెప్పిన వరుసలో ఒక్కో బోల్టూ బిగించాను. "హిల్‌నా మత్!" అని, కదలొద్దని ఆయన అరిచినప్పుడల్లా పైన ఏడుగురూ ఊపిరి బిగబట్టారు. ఎలాగూ నిలబడ్డాం కదా, వచ్చిన పని కానిద్దామని పాస్టరుగారు అక్కడే మా ఆవిడ నడుము కోసం ప్రార్థన మొదలుపెట్టారు. నేను స్పానర్ తిప్పుతూనే కళ్లు మూసుకున్నాను. చివర్లో అంకుల్‌జీ కుర్చీలోంచి లేచి టోపీ తీసి, "ఆమెన్‌జీ" అన్నారు.

సరిగ్గా అప్పుడే డ్యూటీ క్యాబ్ దిగింది మా ఆవిడ. బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మం ముందు ట్రక్కులో నిలబడ్డ సంఘాన్నంతా తేరిపార చూసింది. "ఏంటండీ ఇది? వీళ్లందర్నీ ఎక్కడికి తోలుకెళ్తున్నారు?"

అందరూ ఒకేసారి చెప్పారు. పులిహోర అక్కడే పంచుకున్నాం. ఆమె నవ్వి నవ్వి నడుము పట్టుకుని, "యేసయ్యా, నవ్వించకండి" అంది.

అందరూ వెళ్లాక కరివేపాకు కోసం కుండీ దగ్గరికి వెళ్లి, ఆ పట్టా పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. "ఇందాక ఏదో ఒప్పుకున్నారట. ఇదేనా?" ఇక దాచి ప్రయోజనం లేదు. రెండేళ్ల కిందటి మెకానిక్ దగ్గర్నుంచి చెప్పేశాను. క్షమించమని కూడా అడిగాను. మా ఇంట్లో ఆ మాట నా నోట రావడం అరుదు. ఆమె పట్టా మందాన్ని వేళ్లతో కొలిచి చూసింది.

"అంటే రెండేళ్లుగా నా నడుము మీద తన్నింది మీరన్నమాట" అంది చివరికి. కోపం ఉంది, దాని వెనక నవ్వూ ఉంది. "బండి సంగతి వచ్చే శనివారం చూస్తా. మీ సంగతి ఆ తర్వాత చూస్తా."

వారం గడిచింది. శనివారం పొద్దున్నే మంచాలు, బల్లలు ఎక్కించాం. ఆమె బెల్టు బిగించుకుని కూర్చుని, అలవాటుగా డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించింది. నేను సీఎన్‌జీ బండిని కొత్త కోడలు గడప దాటినంత మెల్లగా కదిలించాను. మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి వెనక భాగం లేచి, మెత్తగా దిగింది. నా చెవులు పక్క సీటు వైపే ఉన్నాయి. ఏమీ వినిపించలేదు. రెండోది, మూడోది. నోయిడా దాటాం. పక్కకి చూసే ధైర్యం లేక రోడ్డు వైపే చూస్తూ నడిపాను. నొప్పి ఓర్చుకుని ఊరుకుంటోందేమో, నా మనసు కష్టపెట్టకూడదని. ఆమె అలా చేయగల మనిషే.

మట్టిదారి మొదట్లో పంతొమ్మిదోది ఉంది. అన్నిటికన్నా ఎత్తైనది అదే. అది కూడా దాటాక ఆమె డాష్‌బోర్డు మీది చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"స్తోత్రం" అంది.

ఆ మాట మేం మేలు జరిగినప్పుడు అంటాం. రేకుల షెడ్ల ముందు ఆడవాళ్లు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నారు. బండి ఆపేలోపే ఆమె తలుపు గడియ మీద చెయ్యి వేసి, దిగే హడావిడిలో అంది. "ఏమండీ, షుగర్ స్ట్రిప్పులు సరిపోయేలా లేవు. వచ్చే నెలకి ఇంకో డబ్బా తేవాలి, గుర్తుచేయండి."

వచ్చే నెలకి. నేను "అలాగే" అన్నాను.